మొదటి బుట్టకు బిందె

అడవి సరుకు కొనే ఒక సహకార సంస్థలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. ఇప్పపువ్వు, చింతపండు, కుంకుడు, తపసిబంక, మొర్రిగింజ కొన్నాను, ఎండబెట్టించాను, లారీలకెక్కించాను. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ప్రమోషన్లు రెండొచ్చాయి, వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఇప్పుడు ట్రైనింగ్‌లో తూకం, గ్రేడింగ్, కంప్యూటర్ నేర్పుతున్నారట. మంచిదే. అక్కడ చెప్పనిది ఒకటుంది. దాన్ని నేను ఒక ఊరిని చెడగొట్టి నేర్చుకున్నాను. ఆ ఊరు చర్ల దాటి లోపలికి పోతే, ఛత్తీస్‌గఢ్ హద్దుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న కోయ పల్లె, అక్కడి మాటలో గుంపు. దాని పేరు కూడా రాయను. పేరు రాస్తే ఎవరో ఒకరు కెమెరా పట్టుకుని బయలుదేరతారు.

మోచెయ్యి దాకా

నా మొదటి మేనేజరుది ఇల్లెందు వైపు. పొట్టి మనిషి, మాట గరుకు. చేరిన రోజే నన్ను ఇప్పపువ్వు బస్తా ముందు నిలబెట్టి చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను.

"మణికట్టు దాక పెడితే ఏం తెలుస్తది? మోచెయ్యి దాక పెట్టు. పైన ఎండినట్టే ఉంటది. తడి అంత లోపల్నే ఉంటది" అన్నాడు.

నా సర్వీసు మొత్తంలో పై అధికారి చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే. బస్తాల విషయంలో ఎన్నడూ మరచిపోలేదు. మనుషుల విషయంలో మాత్రం మణికట్టు దగ్గరే ఆగిపోయాను.

చర్లలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. పొద్దున్నే మోటారు సైకిలు మీద గుంపుకు పోయేవాణ్ణి. దారిలో పోలీసు క్యాంపు. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని రోజూ అవే మూడు ప్రశ్నలు. అడిగే జవాను మారేవాడు, ప్రశ్నలు మారేవి కావు. వానాకాలం వాగు పొంగితే వారాల తరబడి గదిలోనే. నా భార్య ఏన్కూరులో అంగన్‌వాడీ టీచరు. ఆమె ఉద్యోగం అక్కడ, నాది ఇక్కడ. పిల్లలు లేరు. నెలకోసారి ఇంటికి పోతే మొదటి పూట ఇద్దరం చుట్టాల్లా మాట్లాడుకునేవాళ్ళం.

ఒంటరిగా ఉండేది. ఆ మాట దాచడం ఎందుకు. గుంపులో ఆడవాళ్ళు నవ్వుకుంటూ కోయలో మాట్లాడుకునేవాళ్ళు. నేను బండి ఆపగానే మాట తెలుగులోకి మారేది, ఆ తర్వాత మెల్లగా ఆగిపోయేది. ముప్పై మూడేళ్ళలో నేను కోయభాషలో నేర్చుకున్నవి పట్టుమని ఇరవై మాటలు లేవు. మీరు చేరిన మొదటి ఏడే నేర్చుకోండి. నేను చేయని పని చేయమంటున్నాను, అంతే.

జోగయ్య

మొర్రిగింజ గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. మిఠాయి కొట్లో సారపప్పు అంటారే, అది ఈ గింజ లోపలిదే. మొర్రిచెట్టు అడవిలో దానంతటదే మొలుస్తుంది. ఎండాకాలంలో చిన్న చిన్న కాయలు, పండితే నల్లబడతాయి. పండు తియ్యగా ఉంటుంది. గుజ్జు కడిగేసి గింజలు ఎండబెట్టి మా డిపోకు తెచ్చేవాళ్ళు.

మొదటి ఎండాకాలం, డిపో దగ్గరున్న చెట్టుకు చెయ్యందే కొమ్మ నుంచి ఒక కాయ తుంచి నోట్లో వేసుకున్నాను. వెనక నుంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది.

"ఉమ్మెయ్ సారూ. ఇంకా కొత్త కాలే."

ఆయన ఇర్పా జోగయ్య, ఆ గుంపు పూజారి. సన్నటి మనిషి, మోకాళ్ళ పైకి పంచె. ఏ కొత్త కాయైనా, గింజైనా ముందు ఊరి వేల్పుకు, చనిపోయిన ఇంటి పెద్దలకు పెట్టాకే మనుషులు ముట్టాలి. దానికి ఒక రోజు పెట్టుకుని పండుగ చేస్తారు. దాన్నే కొత్త అంటారు. ఆ గుంపులో మామిడికీ మొర్రికీ కలిపి ఒకటే కొత్త. ఆ రోజు ఎప్పుడో చెప్పేది జోగయ్య. ఆయన చెప్పేదాకా చెట్టు ఎక్కకూడదు, కొమ్మ దించకూడదు, రాలిన పండు కూడా ఏరకూడదు.

"తింటే ఏమవుతుంది పెద్దయ్యా?" అన్నాను, నవ్వుతూ.

"ఎలుగు ఎదురొస్తది."

చదువుకున్నవాణ్ణి కదా, ఉమ్మేశాను గానీ లోపల ఇంకా నవ్వుకున్నాను. ఎలుగుబంట్లు ఆ దినాల్లో రాలిన పండు కోసం చెట్ల కిందే తిరుగుతుంటాయని నాకు చాలా రోజులకు గానీ తట్టలేదు.

రోజు ఎట్లా పెడతావని అడిగితే మర్నాడు పొద్దున నన్ను వెంట తీసుకుపోయాడు. వాగు ఒడ్డున ఒక పాత మొర్రిచెట్టు. పైకి చూడలేదు. చెట్టు కింద గొంతుక్కూర్చుని నేల వెతికాడు. నాలుగు గింజలు ఏరి రాయి మీద పెట్టి పగలగొట్టి, లోపలి పప్పును బొటనవేలితో రుద్దాడు. పొట్టు ఊడలేదు.

"పిట్ట పచ్చికాయ తినదు సారూ. పండిందే తిని గింజ పడేస్తది. నేను గా గింజను చూస్త. పొట్టు జారితే పప్పు నిండినట్టు."

ఆరో పొద్దుకు పొట్టు జారింది. వేళ్ళ మధ్య పప్పు తెల్లగా మిగిలింది. ఇక కోసుకోవచ్చా అన్నాను.

"ఇంక ఐదు దినాలు ఆగాలె."

"పండిందిగా, మళ్ళీ ఐదు రోజులెందుకు?"

"అవి పిట్టలయి. గవి తిని ఏడేడనో పడేస్తయి. మనిషి పాతిన మొర్రిచెట్టు ఏడనన్న చూసినవా నువ్వు?"

చూడలేదు. ఐదు రోజులయ్యాక వేల్పు దగ్గర దోసెడు పండ్లు పెట్టి, కోడిని కోసి, డోలు కొట్టారు. ఆ తర్వాతే చెట్లెక్కారు. కొమ్మ విరవలేదు. చిటారు కొమ్మల జోలికి ఎవరూ పోలేదు. ఆ ఏడు ఆ గుంపు నుంచి వచ్చిన గింజను మా గోదాములో అందరూ చేతిలోకి తీసుకుని చూశారు, అంత నిండుగా ఉంది. ఏన్కూరుకు ఒక దొప్ప పండ్లు పట్టుకెళ్ళాను. నా భార్య వాటిని అంగన్‌వాడీ పిల్లలకు తలా రెండు పంచి, దొప్పలో మిగిలిన రసం తను నాకింది. మరుసటి ఏడూ అంతే.

బిందె

మూడో ఏడు పైన ఒక కొత్త అధికారి వచ్చాడు. చురుకైన మనిషి. మీటింగులు భద్రాచలంలో పెట్టేవాడు. హద్దు అవతల నుంచి ప్రైవేటు వ్యాపారులు ముందే వచ్చి సరుకు ఎత్తుకుపోతున్నారని, మనం వాళ్ళకంటే ముందు డిపోలు తెరవాలని చెప్పాడు. "ఆలస్యం అమృతం విషం" అని బల్ల మీద చరిచాడు. నిదానమే ప్రధానం అన్న సామెత కూడా తెలుగులోనే ఉంది. ఆఫీసుల్లో దాన్ని ఎవరూ వాడరు.

తప్పంతా ఆయన మీదకు నెట్టడం నాకిష్టం లేదు. ఆయన చెప్పింది డిపో తెరవమని మాత్రమే. బిందె ఆలోచన నాది. ఎవరు ముందుగా బుట్టెడు గింజ తెస్తే వాళ్ళకు స్టీలు బిందె బహుమతి. భద్రాచలం బజారులో నేనే ఏరి కొన్నాను. తెచ్చి డిపో బల్ల మీద, వీధిలోంచి కనబడేట్టు పెట్టాను. మొదటిది దేవుడిదని నమ్మే ఊళ్ళో మొదటి బుట్టకు బహుమతి పెట్టిన తెలివిగలవాణ్ణి నేను.

జోగయ్య ఆ సాయంత్రమే వచ్చాడు. బిందె వైపు చూసి, అరుగు మీద కూర్చున్నాడు.

"ఇంక పన్నెండు దినాలు పడతది సారూ. గందాక బిందెను లోపట పెట్టు."

"నేను కోయమని చెప్పట్లేదు పెద్దయ్యా. డిపో తెరిచాను, అంతే. వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు రారు."

"బిందె అడుగుతాంది కదా సారూ, నువ్వు అడగకపోతే ఏంది?"

జవాబు దొరకనప్పుడు మేము వాడే మాటొకటుంది, పైనుంచి ఆర్డరు అని. అదే చెప్పాను. ఆయన లేచిపోయాడు.

ఐదు రోజులు ఎవరూ రాలేదు. కాటా ముందు ఒక్కణ్ణే కూర్చుని ఈగలు తోలుకున్నాను. పిల్లలు వచ్చి బిందెలో ముఖాలు చూసుకుని పోయేవాళ్ళు. ఆరో రోజు పొద్దున ఒకామె నెత్తి మీద బుట్టతో వచ్చి నిలబడింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఎవరా అని చూస్తే ముత్తమ్మ, జోగయ్య కోడలు.

చెయ్యి మోచెయ్యి దాకా పెట్టి చూడాల్సిన బుట్ట అది. చూడలేదు. గింజ సగానికి సగం నొక్కులు పడి ఉంది, పచ్చిది కోసి ఎండబెట్టింది. నాకు కావలసింది గింజ కాదు, ముందు తెచ్చిన మనిషి. నలుగురినీ పిలిచి చప్పట్లు కొట్టించి బిందె చేతికిచ్చాను. ఫోటో కూడా తీయించాను.

"కుండ పగిలింది సారూ. వాగు దూరముంది. ఇది అల్కగ ఉంటదని" అని మెల్లగా అంది. నేను అడగలేదు. ఆమె అంతట ఆమే చెప్పింది.

జోగయ్య ఆ సమయానికి దారిలో ఎదురొచ్చాడు. కోడలి చంకలో బిందె చూశాడు. ఆమె ఆగిపోయింది. "తినలె మామా. కోసిన, గంతే" అంది. ఆయన ఏమీ అనలేదు. అంటే బాగుండేదని ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను. పొద్దు గుంకే వేళకు ఊరి పెద్దలను పిలిచి రెండే మాటలు చెప్పాడట. "నా ఇల్లే ఆగలేదు. ఇగ ఊరిని నేనెట్ల ఆగమంట?"

మర్నాడు డిపో ముందు పదకొండు బుట్టలు వరుసగా ఉన్నాయి.

నన్నే అడిగారు

భద్రాచలం మీటింగులో ఆ బిందె ఫోటో చూపించి నన్ను మెచ్చుకున్నారు. తర్వాతి ఏడు అన్ని డిపోల్లోనూ బిందెలు పెట్టారు. నాకు ఒక శాలువా కప్పారు.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు గుంపు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కొంచెం సేపు ఎండల గురించి మాట్లాడారు. ఆ తర్వాత ఒకాయన అడిగాడు.

"సారూ, ఈ ఏడు కొత్త ఎప్పుడు?"

ముందు నాకు అర్థం కాలేదు. డిపో ఎప్పుడు తెరిస్తే అప్పుడే కొత్త చేసుకుంటే మంచిదనుకుంటున్నామని, ఎట్లాగూ ఎవరూ ఆగడం లేదని, జోగయ్య ఇక రోజు పెట్టనన్నాడని చెప్పారు. మీరింకా కుర్రవాళ్ళు. ఇట్లాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే నోరు మూసుకుని జోగయ్య లాంటి వాళ్ళ ఇంటికి నడవండి. నేను డైరీ తెరిచి తేదీ చెప్పాను. వాళ్ళ దేవుడి పండుగకు నేను తేదీ పెట్టాను. ఇంతకంటే సిగ్గుపడాల్సిన పని నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు.

తర్వాత జరిగింది ఊహించడం కష్టం కాదు. నువ్వు ఆగితే పక్కింటివాడు కోస్తాడు. కాబట్టి నువ్వే ముందు కొయ్యి. చెట్టెక్కే ఓపిక లేక వెదురు గడకు కొడవలి కట్టి కొమ్మలే దించారు. కొమ్మ పోతే తర్వాతి ఏడు కాయ ఎక్కడిది? పిట్టలకు ఐదు రోజులు కాదు కదా, ఒక పూట కూడా మిగల్లేదు.

డిపో ఆలస్యంగా తెరుద్దామని నేను పైకి రాశాను, చెప్పాను. అధికారి నవ్వి, "ఊరోళ్ళకు లేని బాధ నీకేందయ్యా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. కత్తిపీటను నేనేనని ఆయనకు తెలియదు.

మొలవని గింజలు

పాల్వంచ వైపు అటవీ నర్సరీలో ఒక ఫారెస్టరు నాకు స్నేహితుడు. మొర్రిచెట్లు తగ్గిపోతున్నాయి, మొక్కలు పెంచుతాం, గింజ పంపమన్నాడు. మా డిపో నుంచి రెండు బస్తాలు పంపాను. సంచుల్లో పెట్టారు, నీళ్ళు పోశారు, నీడ పందిరి వేశారు. ఒకటీ అరా తప్ప మొలవలేదు. విత్తనం పాతదేమో అన్నాడు. పాతది కాదు, ఆ నెలదే.

పోయి జోగయ్యను అడిగాను. బిందె తర్వాత ఆయన నాతో పని ఉంటేనే మాట్లాడేవాడు. ఆ రోజు ఇంటి ముందు బుట్ట అల్లుకుంటున్నాడు. తలెత్తకుండానే చెప్పాడు.

"నెల నిండని పిల్లను బయటికి తీస్తే బతుకుతదా సారూ?"

అందులో శాస్త్రం ఎంత, నమ్మకం ఎంత, నాకు తెలియదు. నేను శాస్త్రవేత్తను కాను. ఆయన ఆగమన్న ఏళ్ళలో చెట్ల కింద మొలకలు చూశాను, తర్వాతి ఏళ్ళలో చూడలేదు. అంతవరకు సాక్ష్యం చెప్పగలను.

ఆ ఎండాకాలం ఏన్కూరుకు తెచ్చిన పండు నా భార్య ఒకటి కొరికి పక్కన పెట్టేసింది. "ఇదివరకటివి కావివి. పిల్లలకు పెట్టను, కడుపునొప్పి వస్తుంది" అంది. ఆమెకు బిందె సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే తిట్టేది. తిట్టించుకుంటే కొంచెం తేలికపడేవాణ్ణి.

చెట్టు కింద ఒక్కడు

తర్వాత బదిలీలు. పద్నాలుగేళ్ళు వేరే వేరే చోట్ల పనిచేసి, చివరి మూడేళ్ళకు మళ్ళీ చర్లకే వచ్చాను. అడిగి వేయించుకున్నాను. అప్పటికి నా భార్య లేదు. పండు పట్టుకెళ్ళాల్సిన ఇల్లూ లేదు.

గుంపులో సెల్ ఫోన్లు వచ్చాయి. రోడ్డు మాత్రం అట్లాగే ఉంది. డిపో దగ్గరున్న మొర్రిచెట్టు మొండెంలా నిలబడి ఉంది. ముత్తమ్మకు జుట్టు నెరిసింది. జోగయ్య బతికే ఉన్నాడు, చెవులు సరిగ్గా వినబడవు.

మొదటి ఎండాకాలం ఒక పొద్దున నడుచుకుంటూ వాగు దాకా పోయాను. పాత చెట్టు కింద జోగయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో రాయి. గింజ పగలగొట్టి, పప్పును బొటనవేలితో రుద్దుతున్నాడు. అప్పటికి గుంపులో కోతలైపోయి వారం. ఆ చెట్టుకు కూడా ఒక పక్క కొమ్మలు లేవు, ఎత్తున నాలుగు గుత్తులున్నాయి.

పోయి పక్కన కూర్చున్నాను.

"ఎవరికోసం చూస్తున్నావు పెద్దయ్యా?" అని చెవి దగ్గర అడిగాను.

"ఎవరికోసం ఏంది? రోజు రోజే కదా. ఊరు చేసుకున్నా చేసుకోకున్నా."

ఇన్నేళ్ళూ ఆయన ఆపలేదు. రోజు పెట్టనని ఊరికి చెప్పాడే గానీ, ప్రతి ఏడూ పొట్టు జారేదాకా చూసి, పిట్టలకు ఐదు దినాలు వదిలి, ఒక్కడే వేల్పు దగ్గర నాలుగు పండ్లు పెట్టి, అప్పుడు తింటున్నాడు. డోలు లేదు, కోడి లేదు. ఊరంతా తిని మరచిపోయిన పండును ఆయన ఒక్కడే ఆఖరున కొత్తగా తింటున్నాడు. అంతటి ఒంటరితనం నేను ఇంకెవరిలోనూ చూడలేదు, నాతో కలిపి.

నన్ను మన్నించమన్నాను. అడగడం అదే మొదటిసారి. ఆయన చాలాసేపు గింజల్ని అటూ ఇటూ కదిపాడు.

"నువ్వు బిందె ఇచ్చినవ్. నా తాన ఇయ్యనీకి ఏముండె సారూ? ఆగమని చెప్పుడే ఉండె" అన్నాడు.

మన్నించాడో లేదో చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేదు.

తాళం

రిటైరయ్యే ఏడు డిపోకు తాళం వేసి, జోగయ్య చెప్పేదాకా తీయనన్నాను. పై అధికారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫోన్‌లోనే నవ్వాడు. తర్వాత కోప్పడ్డాడు. లారీ చెడిపోయిందని, వాగు దగ్గర రోడ్డు కోసుకుపోయిందని అబద్ధాలు చెప్పి పదిహేను రోజులు లాగాను. నిజం చెబితే నవ్విన మనిషి అబద్ధాన్ని మాత్రం ఇట్టే నమ్మాడు.

తాళం వేస్తే ఊరు ఆగుతుందనుకున్నారా? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. ప్రైవేటు వ్యాపారి వ్యాను వేసుకుని గుంపులోకే వచ్చాడు. చాలామంది వాళ్ళకే అమ్మారు. వాళ్ళను నేనేమనగలను? పరిగెత్తడం నేర్పింది నేనే. నాలుగిళ్ళు మాత్రం ఆగాయి. తమ ఇల్లు కాక మిగిలిన మూడింటికీ తిరిగి చెప్పింది ముత్తమ్మ.

జోగయ్య చెప్పిన రోజున ఆ నాలుగిళ్ళవాళ్ళు వేల్పు దగ్గరికి వచ్చారు. ఒకరు ఎక్కడినుంచో డోలు తెచ్చారు, తోలు వదులై సరిగ్గా మోగలేదు. జోగయ్య ఒక్కొక్కరి ముఖం దగ్గరికి పోయి చూసి, వేళ్ళు మడిచి ఇళ్ళు లెక్కపెట్టుకున్నాడు. తన ఇంటి వేలు దగ్గర ఆగి ముత్తమ్మ వైపు చూసి తలూపాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

నేను చర్ల గది ఖాళీ చేసే రోజు ముత్తమ్మ ఒక గుడ్డమూట తెచ్చింది. విప్పితే బిందె. అమ్మిన కొట్టువాడు అంటించిన కాగితం కూడా దాని మీద అట్లాగే ఉంది.

"నీళ్ళు పొయ్యలె సారూ, ఒక్కనాడు సుత. అటక మీద బోర్లేసి పెట్టిన. నీ బిందె నువ్వు తీస్కపో."

"మరి ఇన్నేళ్ళూ నీళ్ళెట్లా తెచ్చుకున్నావు ముత్తమ్మా?"

"కుండతోని" అంది.

తీసుకున్నాను. తీసుకోకపోవడానికి నాకేం హక్కుంది?

పాల్వంచ

ఇప్పుడు పాల్వంచలో ఉంటున్నాను. బదిలీల్లో ఒకప్పుడు పనిచేసిన గోదాము దగ్గరే ఒక చిన్న పోర్షన్ కిరాయికి దొరికింది. కంపెనీ కాలనీ వాళ్ళు షిఫ్టులకు పోతూ వస్తూ ఉంటారు. ఎవరి పొద్దు వారిది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్ళు ఆ బిందెలోనే పడుతున్నాను. మొదటి రోజు దాన్ని పక్కన పెట్టి బకెట్లో పట్టాను. తర్వాత అలవాటైంది.

నేను వచ్చేసిన ఏడు వానాకాలంలోనే జోగయ్య పోయాడు. వాగు పొంగి ఉంది, నాకు కబురు తెలిసేసరికి నెల దాటింది. ఆ తర్వాతి ఎండాకాలం ఒక పొద్దున ముత్తమ్మ నుంచి ఫోన్ వచ్చింది. మామ వెనక నడిచి నడిచి చెట్టు చూడడం తనకు తెలుసట. ఆడదాని మాట మీద కొత్త ఏందని కొందరు అన్నారట. "నేను చెప్తలేను, మా మామ చెప్పిండని చెప్తాన" అంది. ఆగేవాళ్ళు ఆ ఏడు ఐదిళ్ళు. అప్పటినుంచీ ఏడాదికొకసారి ఆ ఫోన్ వస్తుంది. అది వచ్చేదాకా మొర్రిపండు నోట్లో పెట్టుకోవడం లేదు. నన్ను ఎవరూ అడగలేదు. చూసేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

ఈ ఏడు బస్టాండు దగ్గర మొర్రిపండ్లు తొందరగానే దిగాయి. ఒకామె గంపలో పోసి, ఆకు దొప్పల్లో అమ్ముతోంది. సగం ఎర్రగా, సగం పచ్చగా ఉన్నాయి. అప్పుడు రోజూ సాయంత్రం ఆ పక్కనుంచే టీకి పోయేవాణ్ణి. "తీస్కో సారూ, కొత్త పండు" అని రోజూ అడిగేది. ఇంకా కాలేదమ్మా అనేవాణ్ణి. ఏం కాలేదో ఆమె అడగలేదు. ఎండలు ముదిరాక రెండు వారాలుగా టీకి పోవడం మానేశాను.

నిన్న పొద్దున ఫోన్ మోగింది.

"సారూ, పొట్టు జారింది. ఐదు దినాలు సుత అయిపోయినయి. ఈ పొద్దే పెట్టినం. ఏడిళ్ళు వచ్చినయి" అంది ముత్తమ్మ. వెనక డోలు వినిపిస్తోంది, ఈసారి బాగానే మోగుతోంది. "నువ్వు తిన్నవా?"

"లేదు."

"అవ్, తినవని నాకెర్క. ఇగ తిను సారూ."

చొక్కా వేసుకుని బస్టాండుకు పోయాను. ఆమె ఉంది. గంపలో తాటిముంజలున్నాయి. మొర్రిపండ్లు కావాలన్నాను.

"అవి అయిపోయి పది దినాలాయె సారూ. అప్పుడు రోజూ అడిగితి కద, తీస్కోకపోతివి" అంది.